రెండు చీటీలు, ఒకే యాంటీబాడీ

తుంగభద్ర ఎడమ కాలువ కింద, రాయచూరు జిల్లా సింధనూరు, మాన్వి ప్రాంతాల్లో క్యాంపులుగా స్థిరపడిన తెలుగు రైతు కుటుంబాలకు పురుగుమందు లోపలికి పోతే ఏమవుతుందో కొత్తగా చెప్పనక్కరలేదు. ఆర్గానోఫాస్ఫరస్ రకం మందు సోకిన మనిషికి కంటిపాపలు చిన్నవవుతాయి, చొంగ కారుతుంది, చెమటలు, విరేచనాలు పట్టుకుంటాయి, కండరాలు అదిరి అదిరి చివరికి చచ్చుబడతాయి. కదలమని నరం చెప్పే కబురును కండరానికి మోసే ఎసిటైల్‌కోలిన్ అనే రసాయనాన్ని, పని తీరగానే విరగ్గొట్టే ఎంజైము ఒకటి ఉంటుంది. ఆ ఎంజైమును పురుగుమందు కట్టిపడేస్తుంది కనుక కబురుకు అంతు లేకుండా పోతుంది. అదే ఎంజైమును కొలిచిన మోతాదులో, మూడు నాలుగు గంటల పాటు మాత్రమే అడ్డుకొని, వైద్యశాస్త్రం ఒక కండరాల జబ్బుకు మందు చేసుకుంది. ఆ మాత్ర పైరిడోస్టిగ్మిన్, ఆ జబ్బు మయస్థీనియా గ్రావిస్.

ఈ జబ్బులో శరీరం తయారుచేసే యాంటీబాడీలు, అంటే బయటి శత్రువును పట్టుకోవలసిన రక్షక ప్రోటీన్లు, పొరబడి కండరం మీద కబురు అందుకునే గ్రాహకాలనే దెబ్బతీస్తాయి. పొద్దున బాగానే ఉన్న మనిషికి సాయంత్రానికి రెప్పలు వాలతాయి, ఒక వస్తువు రెండుగా కనబడుతుంది, జొన్నరొట్టె నములుతూ ఉండగానే దవడ అలసి ఆగిపోతుంది. ముదిరితే మింగే కండరాలు, ఊపిరి తీసే కండరాలు కూడా సహకరించవు. 1934లో ఇంగ్లండులో మేరీ వాకర్ అనే వైద్యురాలు ఈ జబ్బుకూ క్యురారే అనే బాణవిషానికీ ఉన్న పోలికను గమనించి, ఆ విషానికి విరుగుడైన ఫైసోస్టిగ్మిన్‌ను ఒక రోగికి ఇవ్వగా కండరాలకు కొన్ని గంటల పాటు బలం తిరిగి వచ్చింది. నేటి పైరిడోస్టిగ్మిన్ ఆ కుటుంబంలోనిదే.

క్యాన్సర్‌కు వాడే ఇమ్యునోథెరపీ నడిచే దారి మయస్థీనియా వైద్యానికి ఎదురు దారి. అక్కడ రక్షణ వ్యవస్థ దూకుడును తగ్గించాలి, ఇక్కడ దాన్ని పెంచాలి. రక్షక కణాలు హద్దు మీరకుండా వాటి మీద ఉండే పీడీ-1 అనే కళ్లేన్ని జపాన్ శాస్త్రవేత్త తసుకు హోంజో బృందం 1992లో కనుగొంది. ఈ పరిశోధనకు ఆయనకు 2018లో అమెరికాకు చెందిన జేమ్స్ ఆలిసన్‌తో కలిపి నోబెల్ బహుమతి లభించింది. నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ అనే మందులు ఆ కళ్లేన్ని వదులు చేస్తాయి. ఖరీదైన ఈ వైద్యాన్ని సామాన్యుడికి దగ్గర చేసేందుకు ముంబయి టాటా మెమోరియల్ వైద్యులు, ముదిరిన తల, మెడ క్యాన్సర్లలో మూడు వారాలకోసారి 20 మిల్లీగ్రాముల నివోలుమాబ్‌ను మాత్రల వైద్యానికి జోడించి చూడగా, ఏడాది తరువాత జీవించి ఉన్నవారు 16.3 శాతం నుంచి 43.4 శాతానికి పెరిగారు.

అయితే కళ్లెం వదులైన రక్షణ వ్యవస్థ ఒక్కొక్కప్పుడు కండరాల మీదికే తిరుగుతుంది. జపాన్‌లో నివోలుమాబ్ పొందిన 9,869 మందిని పరిశీలించగా 12 మందిలో మయస్థీనియా కొత్తగా బయటపడింది. అరుదే అయినా, ఇలా వచ్చే జబ్బు వైద్యం మొదలైన తొలి వారాల్లోనే వేగంగా ముదరవచ్చు, దానితోపాటు గుండె కండరమూ వాచవచ్చు. పాత మాత్ర విషయంలో జాగ్రత్త ఇక్కడ మొదలవుతుంది. పైరిడోస్టిగ్మిన్ యాంటీబాడీల, రక్షక కణాల జోలికి పోదు కనుక క్యాన్సర్ మందు పనికి అడ్డురాదు. కానీ అది నాడి వేగాన్ని తగ్గించగలదు, గుండె కండరం వాచినవారిలో నాడి ముందే మందగించి ఉండవచ్చు. అది విరేచనాలు కలిగిస్తుంది, ఇమ్యునోథెరపీ వల్ల పేగు వాచినా విరేచనాలే వస్తాయి, ఈ రెండింటికీ చికిత్స మాత్రం వేరు. నీరసంగా ఉందని మాత్రలు సొంతంగా పెంచుకుంటే, పురుగుమందు సోకినవారిలాగే కండరాలు మరింత బలహీనపడతాయి.

అసలు చిక్కు మయస్థీనియాకు వచ్చిన కొత్త మందుతో మొదలైంది. రక్తంలోని ప్రోటీన్లను కణాలు నిత్యం మింగి ముక్కలు చేస్తుంటాయి, కానీ ఐజీజీ అనే రకం యాంటీబాడీలను ఎఫ్‌సీఆర్‌ఎన్ అనే గ్రాహకం తోక పట్టుకొని కాపాడి తిరిగి రక్తంలోకి పంపుతుంది. అందుకే అవి సగానికి తగ్గడానికి దాదాపు మూడు వారాలు పడుతుంది. 2021 డిసెంబరులో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ మయస్థీనియాకు అనుమతించిన ఎఫ్‌గార్టిజిమాడ్, నిజానికి మార్పులు చేసిన యాంటీబాడీ తోక ముక్క. కిటికీలోంచి సీట్ల మీద తువ్వాళ్లు వేసి బస్సు నింపేసినట్టు అది ఆ గ్రాహకాలను ఆక్రమించుకుంటుంది, చోటు దొరకని యాంటీబాడీలు కణం లోపలే నశిస్తాయి. రక్తంలో ఐజీజీ సగానికి పైగా పడిపోతుంది, కండరాన్ని దెబ్బతీసేవీ వాటితో పోతాయి.

అయితే నివోలుమాబ్, పెంబ్రోలిజుమాబ్ కూడా ఐజీజీ రకం యాంటీబాడీలే. శరీరం తయారుచేసిందేదో, సీసాలో వచ్చిందేదో ఆ గ్రాహకానికి తెలియదు కనుక, క్యాన్సర్ మందు కూడా చోటు దొరక్క త్వరగా తరిగిపోయే అవకాశముంది. అటువంటి మందును దీర్ఘకాలం వాడక తప్పనివారిలో ఎఫ్‌గార్టిజిమాడ్‌ను ఆపి మరో వైద్యం ఆలోచించాలని దాని వాడుక సూచనల్లోనే ఉంది. రక్తంలోని ద్రవాన్ని మార్చే ప్లాస్మా ఎక్స్ఛేంజ్ అనే మరో మయస్థీనియా చికిత్స కూడా క్యాన్సర్ మందును కొంత కడిగేస్తుంది. ఇమ్యునోథెరపీ వల్లే ఊపిరి ఆడని స్థితి వస్తే లెక్క వేరు: అప్పుడు క్యాన్సర్ మందును ఆపి ప్రాణం నిలపడమే ముఖ్యం కనుక, అది తరిగిపోతుందన్న బెంగకు తావు లేదు.

1956 వరకు హైదరాబాదు రాష్ట్రంలో ఉన్న రాయచూరు నుంచి పెద్ద వైద్యానికి హైదరాబాదు వెళ్లేవారున్నారు, క్యాన్సర్‌కు బెంగళూరు కిద్వాయ్ సంస్థకు వెళ్లేవారూ ఉన్నారు. నరాల వైద్యుడి చీటీ ఒక ఊరిలో, క్యాన్సర్ వైద్యుడి చీటీ మరో ఊరిలో రాసినప్పుడు ఆ రెండూ కలుసుకునేది రోగి చేతిసంచిలోనే. జ్వరానికి ఊళ్లో తీసుకునే సిప్రోఫ్లాక్సాసిన్, అజిత్రోమైసిన్, జెంటామైసిన్ వంటి యాంటీబయాటిక్‌లు కూడా మయస్థీనియాను పెంచగలవు కనుక మూడో చీటీని సైతం అదే సంచిలో ఉంచి ప్రతి వైద్యుడికీ చూపించాలి. పేరు 'మాబ్' అని ముగిస్తే ఆ మందు యాంటీబాడీల కోవకు చెందినదని గుర్తు. చెవికి దాదాపు అలాగే వినిపించే 'మాడ్'తో ముగిసే ఎఫ్‌గార్టిజిమాడ్ దాన్ని రక్తం నుంచి తరిమేయగలదు. అందుకే మందు పేరు నోటితో చెప్పి ఊరుకోకుండా, చీటీనే వైద్యుడి ముందు పెట్టడం మేలు.