ముఖానికి ముసుగు

మీరు హాకీ ఆట చూసేవుంటారు. కెనడాలో దాన్ని మంచుగడ్డ మీద జారుతూ ఆడతారు. బంతికి బదులు గట్టి రబ్బరు బిళ్ళ, 170 గ్రాముల బరువు! ఒకప్పుడు గోలు కాసేవాళ్ళు దాదాపు అందరూ దానికి వట్టి ముఖంతోనే ఎదురు నిలిచేవారు.

మాంట్రియల్ జట్టు గోలీ జాక్ ప్లాంట్ గాజునారతో చేసిన ముసుగు వేసుకుని సాధన చేసేవాడు. (టోపీలు కూడా తనే అల్లుకునేవాడు!) పోటీలలో మాత్రం శిక్షకుడు టో బ్లేక్ ముసుగుకు ఒప్పుకోలేదు. కాళ్ళ దగ్గర పడ్డ బిళ్ళ కనిపించదేమోనని ఆయన భయం.

1959 నవంబరు 1న న్యూయార్కులో ఆండీ బాత్‌గేట్ కొట్టిన బిళ్ళ ప్లాంట్ ముఖాన్ని చీల్చింది. కుట్లు వేయించుకుని వచ్చి, ముసుగు వేసుకోనిస్తేనే దిగుతానన్నాడు. ఆ రోజుల్లో జట్టు వెంట రెండో గోలీ ఉండేవాడు కాదు. బ్లేక్ ఏం చేస్తాడు? ఆ ఆటలో మాంట్రియల్ 3-1తో గెలిచింది.

గాయం మానాక, 1960 మార్చిలో బ్లేక్ కోరితే ఒకసారి ముసుగు తీసి ఆడాడు. జట్టు ఓడిపోయింది. ముసుగు మళ్ళీ ముఖానికెక్కింది.