క్రంచ్ నుంచి సహకార యాజమాన్యం దాకా: వీడియో గేమ్ స్టూడియోలలో సుస్థిరత, సమ్మిళితత్వం

వ్యాససంగ్రహం: వీడియో గేమ్ స్టూడియోల సుస్థిరతను నిర్వహణశాస్త్ర విషయంగానూ, సమ్మిళితత్వాన్ని సామాజిక న్యాయ విషయంగానూ విడదీసి చర్చించడం పరిపాటి. అమెరికా, ఆస్ట్రేలియా, ఫ్రాన్స్ దేశాలలోని కొన్ని స్టూడియోల అనుభవాల ఆధారంగా ఈ రెండింటి మూలం ఒకటేనని ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలకపదాలు: వీడియో గేమ్, క్రంచ్, పనిగంటలు, సహకార సంస్థ, కాంట్రాక్టు ఉద్యోగులు, సమ్మిళితత్వం.

నేపథ్యం

2004 నవంబరులో పేరు చెప్పని ఒక మహిళ ఇంటర్నెట్‌లో బహిరంగ లేఖ రాసింది. ఆమెకు కాబోయే భర్త ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ సంస్థలో ఉద్యోగి. అతని బృందానికి మొదట వారానికి ఆరు రోజులు, రోజుకు ఎనిమిది గంటల పని విధించారు. అది పన్నెండు గంటలైంది. చివరకు వారంలో ఏడు రోజులూ ఉదయం తొమ్మిది నుంచి రాత్రి పది వరకు పనిచేయవలసి వచ్చింది. అదనపు వేతనం లేదు. లేఖ రాసినది ఎరిన్ హాఫ్‌మన్ అని 2006లో వెల్లడైంది. ఈలోగా ఓవర్‌టైమ్ వేతనం కోరుతూ సాగిన దావాలలో ఆ సంస్థ చిత్రకారులకు కోటి 56 లక్షల డాలర్లు, ప్రోగ్రామర్లకు కోటి 49 లక్షల డాలర్లు చెల్లించడానికి అంగీకరించింది.

గేమ్ విడుదలకు ముందు నెలల తరబడి సాగే ఇటువంటి విపరీతమైన పనిభారాన్నే ఆ పరిశ్రమలో ‘క్రంచ్’ అంటారు. దీనిని యజమానుల దురాశగా మాత్రమే చూస్తే విషయం సగమే అర్థమవుతుంది. ఆట ఆడదగినదిగా ఉన్నదో లేదో తయారై చేతికి వచ్చేదాకా తెలియదు. ఆసక్తి కలిగించని భాగాన్ని తీసివేసి మళ్లీ నిర్మించాలి. అందువల్ల పని పరిమాణాన్ని ముందుగా లెక్కకట్టలేరు. విడుదల తేదీ మాత్రం ప్రకటనలతో, పండుగ అమ్మకాలతో ముడిపడి ముందే ఖరారవుతుంది. తేదీ కదలదు, నిధులు పెరగవు. సాగదీయగలిగినది మనుషుల సమయం ఒక్కటే.

నిధుల సంగతి కూడా ఇటువంటిదే. స్వతంత్ర స్టూడియోకు ప్రచురణకర్త దశలవారీగా సొమ్ము చెల్లిస్తాడు. ఒక గేమ్ పూర్తయి మరొక ఒప్పందం కుదిరేలోగా జీతాలకు ఆదాయం ఉండదు. 2018 సెప్టెంబరులో టెల్‌టేల్ గేమ్స్ సుమారు 250 మందిని తొలగించింది. వారికి తొలగింపు పరిహారం కూడా అందలేదు. కథాప్రధానమైన ఆటలకు పేరుపొందిన సంస్థ అది.

పనిగంటలు, ప్రవేశార్హత

పదమూడు గంటల పనిదినం ఎవరికి సాధ్యం? ఇంట్లో వంట, పిల్లలు, వృద్ధుల బాధ్యత వేరొకరు మోస్తున్న వారికి. ఆరోగ్యం పూర్తిగా సహకరించే వారికి. ఈ లెక్కన స్త్రీలు, వికలాంగులు, నడివయసు దాటినవారు క్రమంగా తప్పుకుంటారు. వారిని ఎవరూ వెళ్లగొట్టనక్కరలేదు. పనివేళలే ఆ పని చేస్తాయి. నియామకాలలో ఎంత వైవిధ్యం పాటించినా అనుభవజ్ఞుల స్థాయికి చేరేసరికి బృందం మళ్లీ ఒకే మూసలోకి రావడానికి ఇదొక ప్రధాన కారణం.

అయితే పనివేళలు సరిచేస్తే వివక్ష తొలగిపోతుందని భావించడం అమాయకత్వం. రయట్ గేమ్స్‌లో వేతన వివక్ష, లైంగిక వేధింపులు జరిగాయంటూ 2018లో మహిళా ఉద్యోగులు దావా వేశారు. 2019లో సుమారు కోటి డాలర్లకు రాజీ కుదిరే దశలో, ఆ మొత్తం చాలదని కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థలు అభ్యంతరం తెలిపాయి. 2021 డిసెంబరులో అది పది కోట్ల డాలర్ల ఒప్పందంగా మారింది. కాంట్రాక్టు పద్ధతిలో పనిచేసిన మహిళలనూ అందులో చేర్చడం గమనార్హం. సంస్థల వైవిధ్య నివేదికలలో సాధారణంగా కనిపించనిది ఈ వర్గమే.

పేరు పడటం

చలనచిత్రరంగంలో తెరపై పేరు పడటానికి ఉన్న విలువ తెలుగు పాఠకులకు చెప్పనక్కరలేదు. గేమ్ రంగంలోనూ తదుపరి ఉద్యోగానికి అదే ఆధారం. సిడ్నీకి చెందిన టీమ్ బోండీ స్టూడియో సుమారు ఏడేళ్లు శ్రమించి ‘ఎల్.ఎ. న్వార్’ను రూపొందించగా 2011 మేలో అది విడుదలైంది. మధ్యలో విడిచివెళ్లినవారు వందమందికి పైగా తమ పేర్లు లేకపోవడమో, సరిగా లేకపోవడమో జరిగిందని చెబుతూ సొంతంగా ఒక జాబితాను వెలువరించారు. అలసి తప్పుకున్నవారికి గుర్తింపు కూడా దక్కలేదన్నమాట. ఆట విజయవంతమైనా ఆ స్టూడియో అదే ఏడాది మూతపడింది.

ఆట సమ్మిళితమైతే చాలునా?

2020లో వచ్చిన ‘ది లాస్ట్ ఆఫ్ అస్ పార్ట్ టూ’లో దృష్టి, వినికిడి, కదలికల లోపాలు ఉన్నవారికోసం అరవైకి పైగా సదుపాయాలు కల్పించారు. చూపు లేనివారు సైతం దానిని చివరిదాకా ఆడగలిగారు. నిర్మాణదశలోనే వికలాంగులను సలహాదారులుగా తీసుకోవడం వల్ల ఇది సాధ్యమైంది. అదే గేమ్‌ను నిర్మించిన నాటీ డాగ్ స్టూడియోలో తీవ్రమైన క్రంచ్ సాగిందని అదే ఏడాది మార్చిలో పత్రికాకథనాలు వచ్చాయి. అందరూ ఆడగలిగిన ఆట, కొందరే నిలబడగలిగిన కార్యశాల నుంచి వెలువడింది. ఈ వైరుధ్యంపై పరిశోధకులు ఇంకా తగినంత దృష్టి పెట్టవలసి ఉన్నది.

సహకార యాజమాన్యం

ఫ్రాన్స్‌లోని బోర్డో నగరంలో 2001లో ఏర్పడిన మోషన్ ట్విన్ వేరొక మార్గం ఎంచుకున్నది. ఆ దేశ చట్టం ప్రకారం కార్మిక సహకార సంస్థలో మూలధనంలో కనీసం 51 శాతం, ఓటుహక్కులో 65 శాతం ఉద్యోగుల చేతిలో ఉండాలి. వాటా ఎంతైనా మనిషికి ఒకే ఓటు. మోషన్ ట్విన్ మరొక అడుగు వేసి అందరికీ సమాన వేతనం అమలుచేసింది. గడువును నిర్ణయించేవారు, ఆ గడువుకు లోబడి పనిచేసేవారు ఒక్కరే అయినప్పుడు క్రంచ్ ఖర్చు పక్కవాడి ఖాతాలో పడదు. పదిమందికి అటూఇటూగా ఉన్న ఈ బృందం నిర్మించిన ‘డెడ్ సెల్స్’ 2018లో పూర్తిస్థాయిలో విడుదలై లక్షలాది ప్రతులు అమ్ముడుపోయింది.

చిక్కు ఆ విజయంతోనే వచ్చింది. ఆటకు కొత్త భాగాలు చేర్చడానికి మరింతమంది కావాలి. వందమంది కూర్చుని ప్రతి విషయాన్నీ సమానంగా తేల్చుకోవడం కష్టం. సంస్థ చిన్నదిగానే ఉండదలచింది. 2019లో ఈవిల్ ఎంపైర్ అనే వేరొక సంస్థ ఏర్పడి ఆ పనిని చేపట్టింది. అది సహకార సంస్థ కాదు. సమానత్వాన్ని కాపాడుకోవడానికి ఎదుగుదలను ద్వారం బయట నిలిపిన ఈ నిర్ణయాన్ని వైఫల్యం అనలేము, కానీ పెద్ద స్టూడియోలకు ఇది నమూనా అని చెప్పడం కూడా సరికాదు.

పెద్ద సంస్థలలో మార్పు అట్టడుగు మెట్టు నుంచి మొదలైంది. అమెరికాలోని రేవెన్ సాఫ్ట్‌వేర్‌లో 2021 డిసెంబరులో కొందరు టెస్టర్లను తొలగించగా సహోద్యోగులు సమ్మెకు దిగారు. 2022 మేలో 19–3 ఓట్లతో అక్కడి టెస్టర్లు యూనియన్ ఏర్పరచుకున్నారు.

హైదరాబాదు సందర్భం

ఎలక్ట్రానిక్ ఆర్ట్స్‌కు హైదరాబాదులోనూ స్టూడియో ఉన్నది. విదేశీ ఆటలకు చిత్రకళ, టెస్టింగ్ సమకూర్చే పని మన దేశంలో విస్తృతంగా సాగుతోంది. ఇటువంటి పనిలో గడువు నిర్ణయించేవారు మరో ఖండంలో ఉంటారు. మోషన్ ట్విన్ తరహా యాజమాన్యం ఇక్కడ ఏర్పడినా గడువుపై అధికారం దానికి దక్కదు. మరోవైపు 1988 నాటి దుకాణాలు, సంస్థల చట్టంలోని పనివేళలకు సంబంధించిన కొన్ని నిబంధనల నుంచి ఐటీ సంస్థలకు ప్రభుత్వం షరతులతో మినహాయింపు ఇస్తూ వచ్చింది. కాలిఫోర్నియా దావాలలోనూ వివాదం ఇటువంటి మినహాయింపు చుట్టూనే తిరిగింది: చిత్రకారుడు, ప్రోగ్రామరు ఓవర్‌టైమ్ చట్టం పరిధిలోకి వస్తారా, రారా అని. ఆ తరువాత ఎలక్ట్రానిక్ ఆర్ట్స్ అక్కడి ప్రారంభస్థాయి చిత్రకారులను గంటల లెక్కన వేతనం, ఓవర్‌టైమ్ పొందే వర్గంలోకి మార్చింది. అందుకు బదులుగా వారు సంస్థ వాటాలపై హక్కును వదులుకోవలసి వచ్చింది.