గుండె తలుపు ఇరుకైతే...

మెట్లెక్కితే ఆయాసం. నీళ్ల బిందె ఎత్తితే దడ. రాత్రి పడుకున్న కాసేపటికే ఊపిరాడక లేచి కూర్చోవడం. ‘ఒంట్లో రక్తం తక్కువ’ అని ఒకరు, ‘ఉబ్బసం’ అని మరొకరు... మందులు మారుతుంటాయి. ఆయాసం మాత్రం తగ్గదు. పాతికేళ్లు నిండీ నిండని ఆడపిల్లలో ఈ లక్షణాలు కనిపిస్తే ఓసారి గుండె వైపు కూడా చూడాలి. ఎందుకంటే లోపం ఊపిరితిత్తుల్లో కాకుండా, గుండె లోపలి ఓ చిన్న తలుపులో ఉండొచ్చు!

గుండెలో నాలుగు గదులు. వాటికి నాలుగు తలుపులు. అవే కవాటాలు. రక్తాన్ని ముందుకు పోనిస్తాయి, వెనక్కి రానివ్వవు. రోజుకు దాదాపు లక్షసార్లు తెరుచుకుని మూసుకుంటాయి. వీటిలో ఎడమవైపు పైగదికీ కిందిగదికీ మధ్య ఉండేది మైట్రల్ కవాటం. రెండు రెక్కలతో క్రైస్తవ బిషప్పులు పెట్టుకునే టోపీలా ఉంటుంది కాబట్టి దానికా పేరు.

ఆరోగ్యవంతుల్లో ఈ కవాటం 4 నుంచి 6 చదరపు సెంటీమీటర్ల మేర తెరుచుకుంటుంది. రెక్కల అంచులు అతుక్కుపోయి, అవి మందంగా బిరుసెక్కితే దారి ఇరుకవుతుంది. 1.5 చదరపు సెంటీమీటర్లకు తగ్గితే సమస్య తీవ్రమైనట్లే. కాలవ తూము పూడిపోతే నీళ్లు వెనక్కి ఎగదన్ని గట్టు మీదికొస్తాయి కదా... ఇక్కడా అంతే. ముందుకు పోలేని రక్తం పైగదిలో నిలిచి, ఒత్తిడి వెనకనున్న ఊపిరితిత్తుల మీద పడుతుంది. అందుకే లోపం గుండెదైనా దగ్గూ ఆయాసమూ ముందుగా కనిపిస్తాయి. కొందరికి దగ్గితే రక్తం పడుతుంది. దాంతో క్షయ అని పొరబడే ప్రమాదమూ ఉంది.

మొదలయ్యేది గొంతులో!

ఈ కథ మొదలయ్యేది గుండెలో కాదు... గొంతులో. అయిదు నుంచి పదిహేనేళ్లలోపు పిల్లలకు స్ట్రెప్టోకోకస్ అనే బ్యాక్టీరియా వల్ల గొంతు నొప్పీ జ్వరమూ వస్తాయి. సరైన యాంటీబయాటిక్ పడకపోతే, రెండు మూడు వారాల తర్వాత కొద్దిమందిలో రుమాటిక్ జ్వరం మొదలవుతుంది. బ్యాక్టీరియా మీద పోరాడాల్సిన రోగనిరోధక శక్తి పొరబడి సొంత ఒంటి మీదే దాడి చేస్తుందన్నమాట. ఇవాళ మోకాలు వాస్తే, అది తగ్గగానే రేపు చీలమండ, ఎల్లుండి మోచెయ్యి. కీళ్ల నొప్పులు కొన్నాళ్లకు మాయమైపోతాయి. ‘హమ్మయ్య, తగ్గింది’ అనుకుంటారు ఇంట్లోవాళ్లు. కానీ గుండె కవాటం మీద పడిన మచ్చ అలాగే ఉండిపోతుంది. జ్వరం తిరగబెట్టిన ప్రతిసారీ ఆ మచ్చ ముదురుతుంది.

ఇరుకిళ్లు, ఒకే గదిలో పదిమంది, వైద్యం అందని ఊళ్లు... ఇవే ఈ జబ్బుకు నెలవులు. అందుకే ధనిక దేశాల్లో చాలావరకూ తగ్గిపోయినా, మన దగ్గర మాత్రం ఇంకా ఉంది. పాశ్చాత్య దేశాల్లో జ్వరం వచ్చాక కవాటం బాగా ఇరుకవడానికి ఇరవై ఏళ్లో అంతకన్నా ఎక్కువో పట్టేది. భారతదేశంలో ఇరవై ఏళ్లు నిండకుండానే తీవ్రమైన స్థితికి చేరుతున్న పిల్లలున్నారని 1963లో ‘లాన్సెట్’ పత్రికలో ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు రాశారు. ఆ బృందంలో ఒకరు మన శ్రీకాకుళంలో పుట్టిన డాక్టర్ వులిమిరి రామలింగస్వామి.

కడుపుతో ఉన్నప్పుడు...

ఈ జబ్బు మగవాళ్లకన్నా ఆడవాళ్లలోనే ఎక్కువ. చాలామందిలో అది బయటపడేది తొలిసారి గర్భం దాల్చినప్పుడే. గర్భిణి ఒంట్లో రక్తం పరిమాణం దాదాపు సగం మేర పెరుగుతుంది. గుండె వేగమూ పెరుగుతుంది. అంతవరకూ ఎలాగో నెట్టుకొచ్చిన ఇరుకు తలుపు ఆ వరదను తట్టుకోలేదు. అయిదారు నెలలు వచ్చేసరికి ఊపిరితిత్తుల్లోకి నీరు చేరి తల్లీబిడ్డల ప్రాణాల మీదికి రావచ్చు. ‘కడుపుతో ఉంటే ఆయాసం మామూలే’ అని తీసిపారేయడం ఇక్కడే ముప్పు తెస్తుంది.

మరో ముప్పు పక్షవాతం. రక్తం నిలిచి పైగది సాగిపోయేకొద్దీ గుండె లయ తప్పుతుంది. లోపల రక్తం గడ్డకడుతుంది. ఆ గడ్డ జారి మెదడుకు చేరితే కాలూచెయ్యీ పడిపోతాయి. చిన్న వయసులో పక్షవాతం వస్తే కవాటాలనూ పరీక్షిస్తారు. అనుభవమున్న వైద్యుడు స్టెతస్కోపుతోనే ఈ జబ్బును అనుమానించగలడు. దాన్ని నిర్ధారించేది ఎకో పరీక్ష. నొప్పి ఉండదు, గర్భిణులకూ ప్రమాదం లేదు.

వేలితో మొదలై... బెలూన్ దాకా

ఒంట్లో నీరు తగ్గించే మాత్రలు, గుండె వేగాన్ని నెమ్మదింపజేసే మాత్రలు ఆయాసాన్ని అదుపు చేస్తాయి. కానీ అతుక్కున్న రెక్కల్ని ఏ మందూ విడదీయలేదు. ఆ పని చేత్తో చేయొచ్చని 1925లో లండన్ సర్జన్ హెన్రీ సౌటర్ చూపించాడు. ఓ యువతి గుండెలోకి వేలు పోనిచ్చి కవాటాన్ని వెడల్పు చేశాడు. ఆమె కోలుకుంది. అయినా ఆయన దగ్గరికి మరో రోగిని ఎవరూ పంపలేదు! గుండెను ముట్టుకోవడమంటేనే భయపడే రోజులవి. 1948లో అమెరికాలో చార్లెస్ బెయిలీ, డ్వైట్ హార్కెన్ విడివిడిగా విజయం సాధించాకే ఆ శస్త్రచికిత్స ఊపందుకుంది.

ఇప్పుడు ఛాతీ కోయకుండానే ఆ పని చేస్తున్నారు. దీనికి ఆద్యుడు జపాన్ సర్జన్ కాంజి ఇనోయె. 1982లో తొలిసారి చేసి, 1984లో ప్రపంచానికి చెప్పాడు. తొడ దగ్గరి సిర గుండా సన్నటి గొట్టాన్ని గుండెలోకి పంపుతారు. పైగదుల మధ్య గోడకు చిన్న రంధ్రం చేసి ఎడమవైపు చేరుకుంటారు. గొట్టం చివరి బెలూన్‌ను కవాటం మధ్యలో కొద్ది క్షణాలు ఉబ్బిస్తే రెక్కలు విడిపోతాయి. చాలామందికి మత్తు పూర్తిగా ఇవ్వక్కర్లేదు. రెండు మూడు రోజుల్లో ఇంటికెళ్లిపోవచ్చు. తప్పనిసరైతే గర్భిణులకూ చేస్తారు.

అయితే అందరికీ ఇది కుదరదు. పైగదిలో రక్తపు గడ్డ ఉన్నా, కవాటం బాగా లీకవుతున్నా, సున్నం పేరుకుని రాయిలా మారినా శస్త్రచికిత్స వైపు చూడాల్సిందే. బెలూన్ చేయించుకున్నవారిలోనూ కొన్నేళ్ల తర్వాత కవాటం మళ్లీ ఇరుకు కావచ్చు. అందుకే ఏటా పరీక్షలు మానకూడదు.

మార్చాల్సి వస్తే...

కృత్రిమ కవాటాలు రెండు రకాలు. లోహంతో చేసినవి ఏళ్లతరబడి మన్నుతాయి. కానీ రక్తం గడ్డకట్టకుండా జీవితాంతం మాత్రలు వాడాలి, ఐఎన్ఆర్ అనే రక్తపరీక్ష తరచూ చేయించుకోవాలి. జంతు కణజాలంతో చేసినవాటికి ఆ బెడద తక్కువే అయినా పది పదిహేనేళ్లకు అరిగిపోతాయి. వయసు చిన్నదైతే ఇంకా ముందే. పిల్లలు కావాలనుకునే అమ్మాయిలకు ఈ ఎంపిక మరీ కష్టం. రక్తాన్ని పలుచన చేసే మాత్రలు గర్భస్థ శిశువుకు హాని చేయొచ్చు. కాబట్టి ఏ కవాటం అన్నది ముందే వైద్యులతో చర్చించుకోవాలి. ఆకుకూరలు పూర్తిగా మానెయ్యక్కర్లేదు. ఒకరోజు గిన్నెడు పాలకూర, తర్వాత వారం అసలేమీ లేకుండా కాకుండా, ఎప్పుడూ ఒకే మోతాదులో తింటే చాలు.

దిగుమతి కవాటాలు సామాన్యులకు అందని రోజుల్లో తిరువనంతపురంలోని శ్రీచిత్ర సంస్థలో డాక్టర్ వలియత్తాన్ బృందం స్వదేశీ కవాటం కోసం ఏళ్లతరబడి శ్రమించింది. మూడు నమూనాలు విఫలమయ్యాయి. నాలుగోది గెలిచింది. 1990 డిసెంబరు 6న తొలిసారి అమర్చిన ఆ ‘చిత్ర’ కవాటం ఇప్పటికి లక్షమందికి పైగా గుండెల్లో కొట్టుకుంటోంది. మన దగ్గర 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ పేదలకు ఈ ఆపరేషన్లను అందుబాటులోకి తెచ్చింది. ఇప్పుడు తెలంగాణలో ఆరోగ్యశ్రీ, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్య సేవ కింద చేయించుకోవచ్చు.

ఇరవై ఒక్క రోజులకో సూది

ఇంత దూరం రాకుండా ఆపే మార్గం ఉంది. పిల్లలకు గొంతు నొప్పితో జ్వరం వస్తే డాక్టరు రాసిన యాంటీబయాటిక్‌ను మధ్యలో మానకుండా పూర్తిగా వాడాలి. ఒకసారి రుమాటిక్ జ్వరం వచ్చిందని తేలితే, మూడు వారాలకోసారి బెంజథైన్ పెన్సిలిన్ ఇంజెక్షన్ తీసుకోవాలి. జ్వరం తిరగబెట్టకుండా కాపాడేది అదే. గుండె దెబ్బతినని పిల్లలకు యుక్తవయసు దాటేవరకూ, కవాటం చెడినవారికి నలభై ఏళ్ల వరకూ, కొందరికి జీవితాంతం అవసరం. బెలూన్ చేశారనో, కవాటం మార్చారనో మానకూడదు.

సూది ఖరీదు తక్కువే. నొప్పి మాత్రం ఎక్కువ. పైగా పిల్ల ఆరోగ్యంగానే కనిపిస్తుంటుంది. దాంతో ‘ఇంకా ఎందుకులే’ అనిపిస్తుంది. బడి మారినప్పుడు, ఊరు మారినప్పుడు, పెళ్లయి అత్తారింటికి వెళ్లినప్పుడు మానేసే వీలు ఎక్కువ. అత్తవారికి తెలిస్తే ఏమనుకుంటారోనని సూది సంగతి దాచిపెట్టడం, తర్వాత తొలి కాన్పులో ఆ పిల్లను ప్రమాదంలోకి నెట్టడమే. పెళ్లికి ముందే ఎకో చేయించి, గర్భం ఎప్పుడు సురక్షితమో గుండె వైద్యుణ్ని అడిగి, ఆ కాగితాలు అమ్మాయి వెంట పంపాలి. క్యాలెండరులో ప్రతి ఇరవై ఒకటో రోజుకూ సున్నా చుట్టే బాధ్యత ఇకనుంచి రెండిళ్లదీ!