కర్ణుడు రాధ కొడుకే: సినిమా అభిమానులు, పాత్రల మార్పు, జన్మరహస్యం

సినిమా అభిమానుల మాటల్ని మన ఉద్యమాలు, మన పరిశోధనలు పెద్దగా లెక్కలోకి తీసుకోలేదు. కటౌట్లు, పాలాభిషేకాలు, హీరోల పేరు మీద తగువులు – ఇంతకుమించి అక్కడ ఏముంటుందని అడిగేవాళ్ళు మనలోనే ఉన్నారు. అయితే కులం గురించి మీటింగు పెడితే రాని కుర్రాడు, సినిమాలో ఒక పాత్ర గురించి అర్ధరాత్రి దాకా వాదిస్తాడు. ఆ వాదనలో కులం ఉంటుంది. కాకపోతే ఆ పేరుతో ఉండదు. కాబట్టి ఈ వ్యాసంలో ఆ వాదననే తీసుకుని, దాని లోపల ఏముందో విప్పి చూడాలని మా ప్రయత్నం.

మేము విన్న మాటలు శృంగవరపుకోటవి. అరకు ఘాటు ఎక్కబోయే ముందు వచ్చే ఊరు ఇది. మైదానం పేటల కుర్రాళ్ళు, కొండ దిగి వచ్చిన కొండదొర కుర్రాళ్ళు ఇక్కడ ఒకే టీ కొట్టు బల్ల మీద కూర్చుంటారు. 2024 జూన్ 27న ‘కల్కి 2898 ఏడీ’ విడుదలైంది. ఆ తర్వాత ఆ బల్ల మీద ఒకటే గొడవ – కర్ణుడు గొప్పా, అర్జునుడు గొప్పా?

“అర్జునుడి ముందు కర్ణుడేటి మావా? లేనిపోని గొప్ప తగిలించేసినారు” అని ఒకరు. “సూతుడని ఎనక్కి నెట్టేసినారు గాని, లేపోతే అర్జునుడెక్కడ?” అని ఇంకొకరు. సినిమావాళ్ళు పాత్రను మార్చేశారని కొందరికి కోపం. మార్చడమే మంచిదని కొందరి వాదం. ఇంతలో ఒక పేట కుర్రాడు అడిగిన ప్రశ్న దగ్గర అందరూ ఆగారు: “ఒరే, ఆడు నిజంగా సూతుడి కొడుకే అయుంటే మీరింతలా చప్పట్లు కొడుదురా?”

ఈ ప్రశ్నే మన చర్చకు మూలం.

ఏం మారింది, ఏం మారలేదు

పురాణ పాత్రల్ని మార్చడం తెలుగు సినిమాకి కొత్త కాదు. 1977 సంక్రాంతికి, జనవరి 14న, ఒకే రోజు రెండు భారత సినిమాలు వచ్చాయి. ఒకటి ‘దాన వీర శూర కర్ణ’. ఎన్.టి. రామారావు దానికి నిర్మాత, దర్శకుడు. కృష్ణుడు, కర్ణుడు, దుర్యోధనుడు మూడు వేషాలూ ఆయనే వేశారు. రెండోది కమలాకర కామేశ్వరరావు తీసిన ‘కురుక్షేత్రం’. ఇందులో కృష్ణ అర్జునుడు, కృష్ణంరాజు కర్ణుడు, శోభన్‌బాబు కృష్ణుడు. అంటే కర్ణార్జునుల తగువు అప్పటికే హీరోల తగువుగా, అభిమాన సంఘాల తగువుగా మారింది.

ఎన్టీఆర్ సినిమాలో దుర్యోధనుడు ప్రతినాయకుడు కాడు. ఆయనకొక డ్యూయెట్ పాట కూడా ఉంది. అస్త్రవిద్యా ప్రదర్శన సభలో కులం అడిగినందుకు ఆయన పెద్దల్ని నిలదీస్తాడు. కొండవీటి వెంకటకవి రాసిన ఆ సంభాషణ ఇప్పటికీ ఊళ్ళలో ఏకపాత్రాభినయాల్లో వినిపిస్తుంది. దాన్ని అప్పజెప్పే దళిత కుర్రాళ్ళు చాలామంది. వాళ్ళకి అందులో తమ బళ్ళో, తమ ఊళ్ళో జరిగినదే కనిపిస్తుంది.

ఇంత మార్పు జరిగాక కూడా మారనిది ఒకటుంది – పుట్టుక. ప్రేక్షకుడికి మొదటి నుంచీ తెలుసు, వీడు కుంతి కొడుకని, సూర్యుడి అంశ అని. సభలో ‘నీ కులమేంటి’ అని అడిగినప్పుడు మనకొచ్చే కోపానికి రెండు అర్థాలు ఉండొచ్చు. ‘కులం అడగడమే తప్పు’ అనేది ఒకటి. ‘అయ్యో, వీడు అసలు క్షత్రియుడే, తెలియక అవమానిస్తున్నారే’ అనేది రెండోది. మొదటిది కులం మీద తిరుగుబాటు. రెండోది కులాన్ని సరిగా లెక్కగట్టలేదన్న ఫిర్యాదు. సినిమా రెండింటినీ కలిపేసి ఒకే చప్పట్లు రాబడుతుంది.

మూల కథలోనూ ఈ మెలిక ఉంది. ఆదిపర్వంలో దుర్యోధనుడు ముందు శూరుల పుట్టుక, నదుల పుట్టుక వెతకకూడదంటాడు. బాగానే ఉంది. ఆ వెంటనే, సహజ కవచకుండలాలతో ఇలా వెలిగిపోయేవాణ్ణి, పులిలాంటివాణ్ణి, లేడి ఎలా కంటుందని అడుగుతాడు. లేడి అంటే ఎవరు? రాధ. కర్ణుణ్ణి సమర్థించే మాటే రాధని కించపరుస్తోంది. గొప్పవాడు తక్కువ కడుపున పుట్టడు అన్న సూత్రం చెక్కుచెదరలేదు.

రాధ మాట ఎవరికి గుర్తు?

కర్ణుడు మాత్రం వేరేలా మాట్లాడాడు. ఉద్యోగపర్వంలో కృష్ణుడు ఆయన్ని రథమెక్కించుకుని జన్మరహస్యం చెప్తాడు. పాండవుల్లో పెద్దవాడివి, రాజ్యం నీదే, రమ్మంటాడు. కర్ణుడి జవాబు మనం మన పిల్లలకి తప్పకుండా చెప్పాల్సిన జవాబు. రాధ తనకి పాలిచ్చిందంటాడు, తన మలమూత్రాలు ఎత్తిందంటాడు, ఆమెకి పిండం పెట్టకుండా ఎలా పోతానంటాడు. అధిరథుడు తనకి జాతకర్మ చేయించాడని, పేరు పెట్టాడని, సూత కులంలోనే తనకి పెళ్ళిళ్ళు చేశాడని, కొడుకులు, మనుమలు ఆ కులంలోనే ఉన్నారని గుర్తు చేస్తాడు. భూమి మొత్తం ఇచ్చినా ఈ బంధం తెంచుకోనంటాడు.

అంటే పుట్టుక తెలిశాక కూడా ఆయన ఎంచుకున్నది పెంచినవాళ్ళనే. భారతం మొత్తంలో పుట్టుక సూత్రాన్ని ఇంత సూటిగా తోసిపుచ్చిన మాట అరుదు. మన సినిమాల్లో ఈ ఘట్టం ఎక్కువగా మిత్రధర్మం కథగా, దుర్యోధనుడి ఉప్పు తిన్న కృతజ్ఞతగా కుదించుకుపోయింది. రాధ, అధిరథుడు పక్కకి జరిగిపోయారు. యుద్ధం అయ్యాక కుంతి నిజం చెప్తుంది, ధర్మరాజు అన్నకి తర్పణం వదులుతాడు. బతికున్నన్నాళ్ళూ సూతుడన్నవాళ్ళే చచ్చాక తమవాడని లెక్కలో వేసుకున్నారు.

ఇక్కడ రెండు జాగ్రత్తలు చెప్పాలి. ఒకటి, సూతుడంటే దళితుడు అనుకోకూడదు. మనుస్మృతి పదో అధ్యాయం ప్రకారం క్షత్రియుడికి బ్రాహ్మణ స్త్రీ వల్ల పుట్టినవాడు సూతుడు. గుర్రాలు, రథాలు చూసుకోవడం అతని వృత్తి. రాజుల ఇళ్ళలో తిరిగే కులం అది, వెలివాడ కులం కాదు. కర్ణుడి అవమానాన్ని మన అవమానంతో పోల్చుకోవచ్చు గాని, రెండింటినీ ఒకటి చేయకూడదు. రెండు, కర్ణుణ్ణి మచ్చలేనివాణ్ణి చేయనక్కర్లేదు. జూదం సభలో ద్రౌపదిని బంధకి అన్నదీ, వలువలు లాగమన్నదీ ఆయనే. కులం వల్ల నలిగినవాడు ఆడదాన్ని నలపడం మనకి తెలియని సంగతేం కాదు. అభిమాని తన హీరో కోసం దీన్ని దాచేస్తే, అక్కడితో చర్చ ఆగిపోతుంది.

జన్మరహస్యం అనే కిటుకు

కర్ణుడి విషయంలో జరిగింది ఒక్క కర్ణుడితో పోలేదు. మహాభారతంలో ఏకలవ్యుడు నిషాదరాజు హిరణ్యధనుసు కొడుకు. హరివంశానికి వచ్చేసరికి అతను యాదవ కులంలో పుట్టి, నిషాదుల దగ్గర పెరిగినవాడైపోయాడు. అడవి బిడ్డకి అంత విద్య ఎలా వచ్చిందన్న ఇబ్బందికి దొరికిన సమాధానం అది. హరిశ్చంద్రుణ్ణి కొన్న చండాలుడు మార్కండేయ పురాణంలో చివరికి ధర్మదేవతే అని తేలుతుంది. రాజు నిజమైన చండాలుడికి ఊడిగం చేశాడంటే కథ మింగుడుపడదు మరి.

సాంఘిక చిత్రాలు ఇదే కిటుకుని పట్టుకున్నాయి. పేట మధ్య పెరిగిన కుర్రాడు చివర్లో జమీందారు బిడ్డ అని తేలడం – పుట్టుమచ్చో, లాకెట్టో, చిన్ననాటి పాటో సాక్ష్యం. 2020 సంక్రాంతికి వచ్చిన ‘అల వైకుంఠపురములో’ చూడండి. గుమాస్తా తన కొడుకునీ, యజమాని కొడుకునీ ఆస్పత్రిలో మార్చేస్తాడు. గుమాస్తా ఇంట్లో పెరిగినా యజమాని రక్తం చురుకుగా, ధైర్యంగా ఉంటుంది. మేడలో పెరిగినా గుమాస్తా రక్తం బెరుకుగా ఉంటుంది. ఆ గుమాస్తా పేరు వాల్మీకి. ఆ పేరు పెట్టడంలో వేరే ఉద్దేశం లేకపోవచ్చు. అయినా మన ఏజెన్సీలో వాల్మీకి అనేది ఒక షెడ్యూల్డు తెగ పేరని శృంగవరపుకోట ప్రేక్షకుడికి వేరే చెప్పక్కర్లేదు.

‘కల్కి’ దీనికి ఇంకో మెట్టు కట్టింది. డబ్బు కోసం మనుషుల్ని పట్టిచ్చే భైరవ, పైలోకంలాంటి కాంప్లెక్సులోకి ఎలాగైనా దూరాలనుకునే మామూలు మనిషి. చివరికి అతను పూర్వజన్మలో కర్ణుడని తెలుస్తుంది. అంటే ఈ జన్మలో అతను చేసినదానికన్నా పోయిన జన్మలో అతనెవరన్నదే ముఖ్యం. వినోదంగా చూస్తే బాగానే ఉంటుంది. కానీ పోయిన జన్మ లెక్కని ఈ జన్మలో చూపించడమే కదా కులవ్యవస్థ తనని తాను సమర్థించుకున్న తీరు.

బయట నిజం ఇలా ఉండదు. 2012 జూన్ 12న అప్పటి శ్రీకాకుళం జిల్లా వంగర మండలం లక్ష్మింపేటలో, మద్దువలస రిజర్వాయరు ముంపు భూమి తగాదాలో ఐదుగురు దళితుల్ని చంపారు. వాళ్ళలో ఎవరికీ జన్మరహస్యం లేదు. వాళ్ళ అమ్మానాన్నలే వాళ్ళ అమ్మానాన్నలు. గౌరవం పొందాలంటే రహస్యంగానైనా పెద్దింటి బిడ్డ అయ్యుండాలని నేర్పే కథ, అలాంటి రహస్యమేదీ లేని కోట్లమందికి ఏం చెప్తున్నట్టు?

ఎవరు మారిస్తే చెల్లుతుంది?

‘పాత్రని మార్చేశారు’ అన్న ఫిర్యాదు దగ్గరికి వద్దాం. దుర్యోధనుడికి డ్యూయెట్ పెడితే అది కళ. అదే 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం అంబేద్కర్ ‘రిడిల్స్ ఇన్ హిందూయిజం’ అచ్చు వేసినప్పుడు, రాముడు, కృష్ణుడు పాత్రల మీద ఆయన వేసిన ప్రశ్నల్ని తీసేయాలని శివసేన ఆందోళన చేసింది. దళితులు బొంబాయి వీధుల్లోకి పెద్ద ఎత్తున వచ్చి ఎదురు నిలిచారు. చివరికి ఆ భాగం నిలిచింది గాని, ఆ అభిప్రాయాలతో ప్రభుత్వానికి సంబంధం లేదన్న గమనిక తోడైంది. మార్చే హక్కు కూడా కులాన్ని బట్టి మెట్లు మెట్లుగా ఉందన్నమాట.

అయినా మనవాళ్ళు మారుస్తూనే వచ్చారు. జాంబపురాణంలో జాంబవంతుడు రాముడి వెంట నడిచే ఎలుగుబంటి కాడు, భూమి కన్నా ముందే పుట్టిన మాదిగల మూలపురుషుడు. బోయి భీమన్న ‘రాగవాసిష్ఠం’ నాటకంలో అరుంధతిని పంచమ కన్యగా నిలబెట్టాడు. పెళ్ళిలో అరుంధతిని చూపించే కులాలకి ఆ చుక్క ఎవరి ఇంటి పిల్లో చెప్పాడు. ఈ మార్పుల్లో పుట్టుకని దాచలేదు, పైకెత్తలేదు. ఉన్న పుట్టుకకే తలెత్తుకునే చోటు ఇచ్చారు.

సినిమాలో ఈ పని చేసింది తమిళంలో మారి సెల్వరాజ్. 2021లో వచ్చిన ‘కర్ణన్’లో బస్సు ఆగని ఒక దళిత గ్రామం ఉంది. 1995లో కొడియన్‌కుళంలో పోలీసులు చేసిన దాడి నీడ ఈ సినిమా మీద ఉందని చాలామంది గుర్తించారు. ఊరివాళ్ళ పేర్లు కర్ణన్, దుర్యోధనన్, యమన్, ద్రౌపది. వాళ్ళని చితకబాదే పోలీసు అధికారి పేరు కన్నబిరాన్ – అంటే కృష్ణుడు. ఈ కర్ణుడికి కుంతి లేదు. తన ఊళ్ళో, తన తల్లికి పుట్టి, ఆ ఊరి కోసమే తిరగబడతాడు. టీ కొట్టు దగ్గర కుర్రాడు అడిగిన ప్రశ్నకి ఇది ఒక జవాబు: అవును, వీడు నిజంగా తక్కువ కులమన్నవాళ్ళ కొడుకే, అయినా చప్పట్లు కొట్టాం.

చర్చని ఎలా నడపాలి?

ఉపాధ్యాయులకి, కార్యకర్తలకి మేము చెప్పేది చిన్న పని. అభిమానుల్ని ఎగతాళి చేయొద్దు. వాళ్ళ హీరోని తిట్టొద్దు. మాట వాళ్ళనే మొదలెట్టనిచ్చి కొన్ని ప్రశ్నలు వేయాలి. ఈ కథలో హీరో పుట్టుక రహస్యం తీసేస్తే కథ నిలబడుతుందా? పెంచిన తల్లికి ఎన్ని మాటలున్నాయి? కర్ణుడు కుంతి దగ్గరికి కాక రాధ దగ్గరికి వెళ్ళి మాట్లాడే సీను మీరు రాస్తే ఎలా రాస్తారు? ఏకలవ్యుడు వేలివ్వనంటే ఆ తర్వాత ద్రోణుడు ఏం చేస్తాడు?

పాత్రల్ని మార్చి చెప్పమంటే కుర్రాళ్ళకి హుషారొస్తుంది. శృంగవరపుకోటలో ఏకలవ్యుడి ప్రశ్న వేసినప్పుడు ఒక కొండ కుర్రాడు ఆలోచించకుండానే అన్నాడు: “ఏలెందుకిత్తాడు? ఆ గురువు నేర్పినాడేటి? ఎవరిచ్చిన సదువని ఫీజు అడుగుతాడు?” పక్కవాళ్ళు నవ్వారు. ఆ తర్వాత ఎవరి బడిలో ఎవరిని వెనక కూర్చోబెట్టేవారో, ఎవరు ఎందుకు చదువు మానేశారో ఒక్కొక్కరే చెప్పుకొచ్చారు. పొద్దుపోయే దాకా మళ్ళీ ఎవరూ సినిమా ఊసెత్తలేదు.