గాలి హోరులో చెవి

సూరత్ నగరానికి దక్షిణాన ఉన్న ఉధ్నా మరమగ్గాల సీమ. తెలంగాణ నుండి సూరత్‌కు వలస వెళ్లిన పద్మశాలీలెందరికో నేతపనియే జీవనాధారం. పని ముగించి సైకిలెక్కిన ఒక నేతకార్మికుణ్ణి ఊహించుకోండి.

మరమగ్గాల షెడ్డులో శబ్దం తరచు 90 డెసిబెల్సు దాటుతుంది. రోజుకు 8 గంటల చొప్పున 85 డెసిబెల్సే ఏళ్ల తరబడి వినికిడిని హరింపగలవు. షెడ్డు వీడిన పిదప కూడా చెవి కొంతసేపు మొద్దుబారి ఉంటుంది.

దానికి గాలి తోడవుతుంది. చెవి డొప్పను తాకి గాలి సుడులు తిరగడమే ఆ హోరుకు కారణం. ఎదురుగాలిలో అది ఇనుమడిస్తుంది. వెనుక వచ్చే లారీ చప్పుడు అందులో మునిగిపోతుంది.

మరి ఉపాయమేమి? రోడ్డుమీద చెవులలో దూది కుక్కుకోరాదు; హారను కూడా వినబడదు. పలుచని తుండుగుడ్డను చెవులమీదుగా వదులుగా చుట్టుకుంటే సుడులు తగ్గుతాయి. మైకుకు తొడిగే స్పాంజి చేసే పని అదే. వేగం తగ్గిస్తే హోరూ తగ్గుతుంది. మలుపు తిరిగే ముందు చెవిని నమ్మక, వెనుదిరిగి చూడాలి.

అసలు రక్షణ మాత్రం మగ్గం వద్దనే ఆరంభం కావాలి. అక్కడ ఇయర్ ప్లగ్గులు తప్పనిసరి. గాలి హోరు ఇల్లు చేరగానే ఆగుతుంది. లోచెవిలో నశించిన కణాలు మాత్రం మరల పుట్టవు.