వార్తల్లో పదం: గిగ్ వర్కర్

ఆర్డర్ చేతికి రాక హోటల్ ముందు అరగంట నిలబడిన డెలివరీ కుర్రాడికి ఆ అరగంట కూలి ఎవరివ్వాలి?

అతడు ఉద్యోగి అయితే జవాబు తేలికే. వేతనాల కోడ్ ప్రకారం కనీస వేతనం దక్కాలి. నిర్ణీత గంటలు దాటితే రెట్టింపు రేటున ఓవర్‌టైమ్ కట్టాలి. కంపెనీలు మాత్రం అతడిని ‘పార్ట్‌నర్’గా చూపుతాయి. దాంతో ఆ రెండు బాధ్యతలూ తప్పిపోతాయి.

సామాజిక భద్రత కోడ్-2020 ఇలాంటివారిని గిగ్ వర్కర్లుగా గుర్తించింది. అంటే, సంప్రదాయ యజమాని-ఉద్యోగి సంబంధానికి వెలుపల పనిచేసి సంపాదించేవారు. 2025 నవంబర్ 21న అమల్లోకి వచ్చిన ఈ కోడ్ ప్రకారం అగ్రిగేటర్ కంపెనీలు వార్షిక టర్నోవర్‌లో 1-2 శాతం సామాజిక భద్రత నిధికి జమచేయాలి. అయితే అది వర్కర్లకు చెల్లించే మొత్తంలో 5 శాతానికి మించదు. ప్రమాద బీమా వంటి పథకాలకు దారి పడింది, మంచిదే. కానీ గంటల లెక్క అలాగే మిగిలిపోయింది.

నీతి ఆయోగ్ అంచనా ప్రకారం 2020-21లో 77 లక్షలున్న గిగ్ వర్కర్లు 2029-30 నాటికి 2.35 కోట్లవుతారు.

బ్రిటన్ సుప్రీంకోర్టు 2021 ఫిబ్రవరిలో ఉబర్ కేసులో కాగితం మీది ఒప్పందాన్ని పక్కనపెట్టి, పని తీరు చూసింది. ఛార్జీ నిర్ణయించేది కంపెనీ. షరతులు పెట్టేది కంపెనీ. రేటింగ్ పడిపోతే యాప్ నుంచి తప్పించేదీ కంపెనీయే. కాబట్టి డ్రైవర్లు కనీస వేతనానికి అర్హులైన ‘వర్కర్లే’నని, యాప్ ఆన్ చేసి తమ ప్రాంతంలో రైడ్‌కు సిద్ధంగా ఉన్న సమయమంతా పని సమయమేనని తేల్చింది.

మన చట్టసభలు కూడా అదే కొలమానం పాటించాలి.