అరబ్బీకి ఏది దారి? పుస్తకమా, ఫోనా, పక్కింటి మనిషా?

జగిత్యాల: వీసా వచ్చింది. టికెట్టు వచ్చే నెలకు. అప్పు ఇప్పటికే నెత్తికెక్కింది. ఇక మిగిలింది భాష. 1970ల్లో చమురు ధరలు పెరిగి గల్ఫ్‌లో పనులు జోరందుకున్నప్పటి నుంచి ఈ ప్రాంతపు పల్లెల్లో ఇదే తంతు. పోయేవారు పలువురు '30 రోజుల్లో' రకం పుస్తకం కొని సంచిలో వేసుకుంటారు. విమానం దిగాక అది పనికి రాలేదని వాపోతారు. తప్పు పుస్తకానిదేనా?

రెండు అరబ్బీలు

పుస్తకాలు, ఫోను యాప్‌లు ఎక్కువగా నేర్పేది వార్తల అరబ్బీ. వీధి అరబ్బీ వేరు. 'ఎలా ఉన్నావు?' అనడానికి పుస్తకం 'కైఫ హాలుక్' అంటే, కువైట్‌లో 'ష్లోనక్' అంటారు. 'ఎక్కడ' అనే మాట పుస్తకంలో 'ఐన', నోట్లో 'వేన్'. కనుక కొనేముందు అది ఏ అరబ్బీయో చూసుకోవాలి.

తెలుగు లిపితో మరో చిక్కుంది. అరబ్బీలో 28 అక్షరాలు. కొన్ని ధ్వనులకు మనకు అక్షరమే లేదు. పుస్తక భాషలో గుండెకూ, కుక్కకూ ఉన్న మాటలు రెండూ తెలుగులో రాస్తే 'కల్బ్' అనే వస్తాయి. తేడా చెవికే తెలుస్తుంది. స్వరం లేని పుస్తకం సగం గురువే.

మాఫీ అంటే రద్దు కాదు

కుర్చీ, వకీలు, తారీఖు, ఖాళీ వంటి మాటలు అరబ్బీ నుంచి ఉర్దూ మీదుగా మనకు వచ్చినవే. ఇది కొంత ఆసరా. అయితే అన్నిటినీ నమ్మరాదు. 'మాఫీ ఫులూస్' అని యజమాని అంటే బాకీ రద్దయిందని సంబరపడరాదు. అక్కడ 'మాఫీ' అంటే 'లేదు'. డబ్బు లేదని చెప్పాడన్నమాట!

అంకెలు మరీ ముఖ్యం. అరబ్బీ రాతలో చుక్క పెడితే సున్న. మన సున్నలా కనిపించేది అయిదు. ఏడులా ఉండేది ఆరు. జీతం కాగితం మీద వేలిముద్ర వేసేముందు ఈ పది గుర్తులైనా రావాలి. ఒక్క పూట పని.

ఇలా చేస్తే మేలు

తిరిగి వచ్చినవారు ఊరికొకరైనా ఉంటారు. పోయే దేశంలోనే పనిచేసిన మనిషిని పట్టుకుని, తన పనికి కావలసిన యాభై వాక్యాలు ఆయన చేత పలికించి ఫోనులో ఎక్కించుకోవాలి. 'అన మరీద్' (నాకు ఒంట్లో బాగాలేదు), 'వేన్ ముస్తష్ఫా?' (ఆసుపత్రి ఎక్కడ?) వంటివి ముందుండాలి. విడి మాటలు కాక వాక్యాలే నేర్వాలి. రోజుకు అరగంట చాలు. వినాలి, కాగితం మూసి పైకి అనాలి. నేటిది రేపు, మూడో నాడు, వారానికి మళ్ళీ అనాలి. పుస్తకం, యాప్ అక్షరాలకూ, సందేహాలకూ పక్కన ఉంటే చాలు.

వీసాకు అప్పు చేసే ఇంటికి ఈ అరగంట బరువు కాదు. పంచాయతీ అరుగు మీద సాయంత్రం పూట తిరిగి వచ్చినవారి చేత నాలుగు ముక్కలు చెప్పించే పని యువజన సంఘాలు తలకెత్తుకుంటే, పరాయి దేశంలో నోరులేనివాడై నిలబడే అవస్థ కొందరికైనా తప్పుతుంది.